అక్క చేలోని తుత్తురబెండ

మొక్కల నుంచి క్యాన్సర్ మందు తీయాలని ఏళ్ళ తరబడి తంటాలు పడుతున్నాను. గుంటూరులో ఒక కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఈ వెతుకులాట నా పిచ్చి. ఆకు ఎండబెట్టడం, పొడి కొట్టడం, మిథనాల్‌లో నానబెట్టి వడకట్టడం, ఆ జిగురు సారాన్ని గాజు పళ్ళెంలో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేసి చూడటం. ఏమీ జరగదు. మళ్ళీ ఇంకో ఆకు. ఇంటికొచ్చేసరికి చొక్కా విప్పే ఓపిక కూడా ఉండదు. "ఇవాళ ఏం కషాయం కాచారండీ?" అని మా ఆవిడ ఏడిపిస్తుంది. నాకు నవ్వు రావడం మానేసి చాలా కాలమైంది.

పొదిలి దగ్గర పల్లెలో మా అక్కకు బోరు కింద మిరప చేను ఉంది. ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలితే గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో కీమో మొదలుపెట్టించాను. పొద్దున బస్సులో వచ్చి, చేయించుకుని, సాయంత్రానికి వెళ్ళిపోయేది. ఒకసారి చేనిగట్టు మీద మొలిచిన తుత్తురబెండను గోనెసంచి నిండా పీక్కొచ్చింది. "నాయనమ్మ గడ్డలకి ఇదే కట్టేదిరా. నీ సీసాల్లో వేసి చూడు," అంది. ఆమె సంతోషం కోసం వేశాను.

కణాలు చచ్చాయి. పళ్ళెం మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. పట్టలేని ఆనందంతో ఫోన్ చేసి, "నీ చేలో ఆకు పనిచేస్తోందే అక్కా!" అని అరిచాను. ఆ తర్వాత ప్రయోగాల్లో పడి ఆమె రాకపోకలు కనుక్కోలేదు.

సంచిలో ఆకు అయిపోయింది. అంత దూరం ఎవరు పోతారులే అని, తుళ్ళూరు వైపు రాజధానికిచ్చి ఖాళీగా పడున్న పొలాల్లో అదే మొక్క కోసుకొచ్చాను. ఈసారి కణాలు హాయిగా పెరిగాయి. అనుమానమొచ్చి, మిగిలిన మొదటి సారంలో ఏమేం ఉన్నాయో పరీక్ష చేయించాను. చంపింది ఆకు కాదు. నల్ల తామర పురుగు పోవాలని మిరపకు కొట్టిన మందు గాలికి గట్టు మీద పడి ఆ ఆకులకు పట్టింది. మిరప చేల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు ముందే తట్టలేదు. ఏడుపు కూడా రాలేదు, నిద్రొచ్చింది.

ఫోన్‌లో చెప్పబుద్ధి కాక ఊరికి వెళ్ళాను. అక్క కల్లంలో కాయలు తిరగేస్తోంది. తల మీద జుట్టు మొలిచి ఉంది. కీమో నడుస్తుంటే జుట్టు రాదు.

"ఆసుపత్రికి పోవట్లేదా?"

"నీ మందు వస్తంది గదా, మళ్ళీ ఆ వాంతులెందుకని మానేశాన్రా."

ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాయలు తిరగేస్తూనే వింది.

"ఆ పురుగు మందేనా? అది నేను ఏళ్ళ నుంచీ పీలుస్తానే ఉన్నాగదరా. మరి నా లోపలున్నదాన్ని చంపలేదేం?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. పళ్ళెంలో కణాల్ని బట్టల సోడా కూడా చంపుతుందనీ, మనిషిని బతకనిచ్చి దాన్ని మాత్రమే చంపడం కష్టమనీ చెప్పాను. నా గొంతు నాకే పాఠం చెబుతున్నట్టు వినిపించి చిరాకేసింది. "వాంతులంటే భయంరా నాకు," అంది అక్క. మర్నాడే బయల్దేరదీశాను.

కొత్త స్కాన్ చూసి డాక్టరు గారి మొహం మాడిపోయింది. గడ్డ పెరిగిందట, మందు మార్చాలట. "మధ్యలో ఎందుకు మానేశారమ్మా?" అని గట్టిగా అడిగారు.

"కోతలండి. కూలోళ్ళు దొరక్క," అంది అక్క.

ఆయన నా వైపు తిరిగారు. "మీరు చదువుకున్నవారు. ఈ పరిశోధనలన్నీ చేసేవారు. మీరన్నా చెప్పొద్దా?"

నేను నోరు తెరిచేలోపే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వాడు చెప్తానే ఉన్నాడండి. నేనే వినలేదు."