డెబ్బై దాటితే వణికే స్టీరింగు

అరవై వేగం దాకా కారు బుద్ధిగానే ఉండేది. డెబ్బైకి చేరుతుంటే స్టీరింగుకి వణుకు మొదలయ్యేది. మొదట వేళ్లకి చక్కిలిగింత, తర్వాత మోచేతుల దాకా జలదరింపు, ఆ పైన నా పళ్లు ఒకదాన్నొకటి పలకరించుకోవడం. "దీనికి చలిజ్వరం, ఎవరైనా దుప్పటి కప్పండి" అని నేనే జోకులేసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి వచ్చేసిన నాకు జోకులు, మూడు చేతులు మారి వచ్చి, నేను కిరాయికి తిప్పుకునే ఆ పాత డీజిల్ కారు తప్ప వేరే ఆస్తి లేదు.

కానీ వెనక సీట్లో మావ ఉన్నప్పుడు ఆ వణుకు నవ్వులాట కాదు.

మావంటే నా భార్య తండ్రి. ఉద్దానం తీరంలో చేపల వేటకెళ్లి బతికిన మనిషి. రెండువేల సంవత్సరం దాటాక ఆయనకి కిడ్నీలు పాడయ్యాయి. మా వైపు అదేమీ వింత కబురు కాదు. ఏ వీధిలో అడిగినా ఒకరి పేరు చెప్పేవారు. ఎందుకొస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్లి మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. మన వంతు వేళకి మనం లేకపోతే వరండాలో కాచుకున్న మరొకరిని లోపలికి పిలిచేస్తారు. ఆ మరొకరికీ ప్రాణం తీపే కదా, వాళ్లని తిట్టడానికి కూడా ఉండదు.

ముందుగా బయల్దేరితే సరిపోతుంది కదా అనొచ్చు. మావ ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు వాచిపోయేవి, ఊపిరి అందేది కాదు. కారులో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిదన్నారు ఆసుపత్రిలో. పాత రోడ్డు మీద గోతుల పుణ్యమా అని ఏ బండీ యాభై దాటేది కాదు. నాలుగు వరసల రోడ్డు పడ్డాక అందరి బండ్లూ దూసుకుపోతుంటే, మా కారు జబ్బు బయటపడింది.

టెక్కలిలో నాకు తెలిసిన మేస్త్రి ఒకడున్నాడు. నన్ను బావా అనేవాడు.

"బావా, స్టీరింగు ఒణుకుతాందా, నీ సేతులొణుకుతన్నాయా? ముందది తేలాల."

"నువ్వు రెంచీ అట్టుకుంటే నా సేతులొణుకుతాయి. అది ఏరే జబ్బు. దానికి మందు నేదు."

మేస్త్రి ముందు చక్రాలు విప్పాడు, రిమ్ములు గీకాడు, కడిగాడు, బేలన్సు చేసే మిషను మీద తిప్పి, చక్రం బరువు అన్ని వైపులా సమంగా ఉండేలా సీసం ముక్కలు అంటించాడు. కోటబొమ్మాళి దాకా నడిపి చూశాం. డెబ్బై, డెబ్బై అయిదు. స్టీరింగు మీద నీళ్లగ్లాసు పెట్టినా తొణకదు. మేస్త్రి కాలరు ఎగరేశాడు. నేను అతనికి మిఠాయి తినిపించాను.

రెండు ప్రయాణాలయ్యాక మళ్లీ వణుకు.

మళ్లీ టెక్కలి. ఈసారి స్టీరింగు రాడ్ల చివర్లు మార్చాడు. బాగుంది. మళ్లీ వణుకు. టైర్లు మార్చాడు, బేరింగులు మార్చాడు. ఏం మార్చినా కొన్నాళ్లు బాగుండేది, తర్వాత మామూలే. ప్రతిసారీ చక్రాలు విప్పగానే రిమ్ములు గీకి కడిగేవాడు కానీ, దాన్ని ఒక పనిగా అతనూ లెక్కపెట్టలేదు, నేనూ పెట్టలేదు. ఉద్దానం నుంచి వచ్చే బండి అడుగున ఇసక, మడ్డి లేకపోతేనే ఆశ్చర్యం.

"బావా, ఇంక దీంట్లో మార్సడానికి నువ్వొక్కడివే మిగిలినావు," అన్నాడు చివరికి.

నవ్వాను. ఆ నవ్వు నాకే బాగోలేదు.

ఆ తర్వాతి ప్రయాణంలో హరిశ్చంద్రపురం దగ్గరికి వచ్చేసరికి వణుకు ఎంతలా పెరిగిందంటే చక్రం ఊడి పొలాల్లోకి పోతుందేమోననిపించింది. అక్కణ్నుంచి యాభై దాటకుండా పోనిచ్చాను. లారీలు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. మావ ముందు సీటు పట్టుకుని ముందుకి వంగి, నోటితో గాలి లాగుతున్నాడు. విశాఖ చేరేసరికి మా వంతు పోయింది. మర్నాటి దాకా వరండాలో కూర్చున్నాం. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి ఆయన కూర్చునే ఉన్నాడు, నా భుజానికి ఆనుకుని. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయలేను. ఒక్క జోకు కూడా తోచని రాత్రి నా జీవితంలో అదొక్కటే.

ఇంటికొచ్చాక అత్త నన్ను పక్కకి పిలిచింది.

"అల్లుడా, మీ మావ అరసేతులు సూసినావా? నల్లబడిపోతన్నాయి. తోలూడిపోతంది."

చూశాను. చూడనట్టు ఉన్నాను. ఈ జబ్బు ముదిరినవాళ్ల ఒళ్లు నల్లబడటం వరండాలో రోజూ చూసేదే. మావని అడిగితే చేతులు తువ్వాల్లో దాచేశాడు.

"ఏటీ కాదురా. ఎండ."

అరచేతులకి ఎండేమిటని అడగొచ్చు. అడిగితే ఆయన ఇంకేదో చెబుతాడని భయమేసి ఊరుకున్నాను.

కారుకి వేరే వైద్యుణ్ణి చూద్దామని ఒకరోజు బస్సెక్కి పలాస వెళ్లాను. అక్కడి మేస్త్రి ఊళ్లో లేడు. అనుకున్నదానికంటే ముందే, ఎండ దిగకుండానే ఇంటికొచ్చేశాను. పెరట్లో కొబ్బరిచెట్ల కింద కారు నిలబడి ఉంది. ముందు చక్రం పక్కన వాచిన రెండు కాళ్లు కనిపించాయి.

పడిపోయాడనుకుని పరిగెత్తాను. పడిపోలేదు. ఇసకలో మోచేతి మీద పక్కకి ఒరిగి, కొబ్బరి పీచుతో చేసిన కుంచెని చిప్పలో ముంచి, చక్రం లోపలి వైపు పులుముతున్నాడు. చిప్పలో నల్లగా, చిక్కగా జీడినూనె. జీడిపిక్కల పెంకుల నుంచి తీసేది. మా వైపు పడవలకి పూసేది అదే.

"మావా! ఏటి సేత్తన్నావు?"

"కేకలెయ్యకు, మీ అత్త ఇంటాది. పూతేత్తన్నాను."

"దేనికి?"

"దేనికేటి? ఉప్పుగాలికి ఇనుము నిలబడతాదేటి? పడవకి పుయ్యమా? సేపల బేరమొత్తే దీన్ని అలల దాకా తోల్తావు, ఒక్కనాడైనా అడుగు సూసుకున్నావా? నానెల్లే బండి నాను సూసుకోవాల గదా."

మోకాళ్ల మీద కూలబడి రిమ్ము లోపలికి చెయ్యి పెట్టాను. ఒక పక్క బెల్లం అచ్చంత గడ్డ చేతికి తగిలింది. పడవకి పూత వేస్తే ఎండలో ఆరబెట్టి గాని నీళ్లలోకి దింపరు. కారుకి ఆరే తీరిక ఎక్కడిది? నూనె కిందికి జారి ఒకే చోట పేరుకుంది. ఇసక అంటుకుంది. దాని మీద మళ్లీ పూత, మళ్లీ ఇసక. వెనక చక్రాల లోపలికి వంగలేక వదిలేశాడు. స్టీరింగు తిప్పి ఉంచితే ముందు చక్రాలు చేతికి అందుతాయి కాబట్టి వాటికే ఈ సేవంతా. టెక్కలిలో మేస్త్రి చేత నేను గీకించుకు రావడం, ఇక్కడ మావ పులమడం. జీడినూనె వాసన రాలేదా అంటే, మా ఊళ్లలో ఆ వాసన వాసన కిందికే రాదు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నిన్ను బతికించుకుందామని నాను సత్తంటే, నువ్విక్కడ బరువులు కడతన్నావా! ఒణుకంతా దీనివల్లే! టైర్లు మార్సినాను, రాడ్లు మార్సినాను, మొక్కని దేవుడు నేడు!"

మావ కుంచె చిప్పలో పెట్టాడు.

"నా వల్లేనా?"

కాదని చెప్పాలనిపించింది. గడ్డని గోళ్లతో గీకడం మొదలుపెట్టాను.

"మొన్న మిషను తప్పిపోయింది... అదీనా?"

ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో నలుపు. జబ్బు నలుపు కాదు, తోలు కాల్చే జీడినూనె నలుపు. అందుకు సంతోషించాలో వద్దో తెలియలేదు.

"పడవకి తెలవదురా అల్లుడా ఈ బరువు," అన్నాడు. "ఇనుముకి తెలుత్తాదని నాకెవులు సెప్పినారు?"

ఉలి పెట్టి, డీజిలు గుడ్డతో తుడుస్తూ గీకాను. ఆయన కొబ్బరిడొక్కల కుప్ప మీద కూర్చుని "అక్కడ, ఇంకా లోపలికి, అటేపు" అంటూ ఉన్నాడు. అత్త వచ్చి విషయం తెలుసుకుని మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

మర్నాడు విశాఖ ప్రయాణం. డెబ్బై. ఎనభై. స్టీరింగు చేతిలో ఉన్నట్టే లేదు. వేళకి ముందే చేరాం, మిషను దొరికింది, అయిపోయింది, తిరిగొస్తున్నాం. అప్పుడు మొదలైంది నాకు అసలు భయం.

ఇన్నాళ్లూ కారు వణికినప్పుడల్లా మావ మూలిగేవాడు, కారుని, నన్ను, రోడ్డేసినవాళ్లని వరసగా తిట్టేవాడు. ఇప్పుడు వెనక నుంచి చప్పుడే లేదు.

"మావా."

"ఊఁ."

కాసేపయ్యాక మళ్లీ పిలిచేవాణ్ణి. పిలిచినందుకేదో కారణం ఉండాలి కాబట్టి ఒక జోకు చెప్పేవాణ్ణి. ఊఁ అనేవాడు. హరిశ్చంద్రపురం దగ్గర పిలిస్తే పలకలేదు. మళ్లీ పిలిచాను. కారు పక్కకి తీసి, దిగి, వెనక తలుపు తెరిచాను.

కళ్లు తెరిచాడు. "ఏటిరా? మళ్లీ ఒణికిందా?"

"నేదు మావా. టీ తాగుదామని."

ఆ జబ్బులో ఆయనకి నీళ్లు కొలతే, టీ కూడా కొలతే. ఆ రోజు కొలత ఎప్పుడో అయిపోయింది.

"నువ్వు తాగు. నాను వాసన సూత్తాను."

రోడ్డు పక్క టీ పాకలోంచి ఒక గ్లాసు తెచ్చి ఆయన ముక్కు దగ్గర పట్టాను. కళ్లు మూసుకుని రెండుసార్లు గట్టిగా పీల్చాడు. "అల్లం బాగా ఏసినాడు," అని గ్లాసు నా వైపు తోశాడు. నేను నిలబడే తాగేశాను. నాలుక కాలింది.

"ముందు సీట్లోకి రా మావా."

"ఎందుకూ, ఎనకాల బాగానే ఉంది గదా?"

"నాకు నిద్దరొత్తంది. మాటాడతా ఉండు."

చెయ్యి పట్టి దింపి, ముందు కూర్చోబెట్టి, తలుపు వేశాను. టెక్కలి దాటేదాకా, గేరు మార్చాల్సినప్పుడు తప్ప, నా ఎడమ చెయ్యి ఆయన మోకాలి మీదనుంచి తియ్యలేదు. ఆయనా తియ్యమని అనలేదు.