అక్క హాల్లో నాయనమ్మ భోషాణం

నిన్న గుంటూరులో మా అక్క కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో పెద్ద టీవీ కింద, పాలిష్ పట్టించిన మా నాయనమ్మ భోషాణం!

మీ ఇళ్లలోనూ ఉండేది కదూ, మనిషి పడుకునేంత చెక్కపెట్టె? సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో వేసవి మధ్యాహ్నాలు అక్కా నేనూ దాని మీదే నిద్రపోయేవాళ్లం. మిరప కల్లం నుంచి వచ్చిన నాయనమ్మ మూత తీస్తే పట్టుచీరలూ కర్పూరమూ కలిసిన వాసన గదంతా నిండేది. అడుగున దాచిన బెల్లం ముక్క తీసి ఇద్దరికీ చెరిసగం పెట్టేది.

ఆ ఇల్లు అమ్మినప్పుడు నాకు భోషాణం ఒక్కటి చాలన్నాను. "చెదలు తినేశాయే, పారేశాం" అంది అక్క. నమ్మి ఏడ్చాను.

నిన్న పక్కింటావిడ దాన్ని నిమిరి, "భలే ఉందండీ, ఎక్కడ కొన్నారు?" అంది. అక్క నా వైపు చూడకుండా, "చెన్నైలోనండీ, పాత సామాన్ల షాపులో" అంది.

ఆవిడ వెళ్లాక అడిగాను. "కావాలంటే నేనే ఇచ్చేసేదాన్ని కదక్కా, అబద్ధం దేనికి?"

"నీ రెండు గదుల్లో ఎక్కడ పెడతావే? ఇక్కడైతే చూడు, ఎంత లుక్ వచ్చిందో!"

భోజనం చేయకుండా వచ్చేశాను. పొద్దున్నుంచి అక్క ఫోన్ చేస్తూనే ఉంది. 'పెట్టె నువ్వే ఉంచుకో' అని మెసేజ్ పెట్టాను. ఫోన్ మాత్రం ఎత్తలేకపోతున్నాను.