నేలను పరిచిన కోడి

పక్షవాతం వచ్చాక అమ్మకి మలయ్ పోయింది, తమిళం పోయింది. ఎస్టేటు తెలుగు ఒక్కటే మిగిలింది. రబ్బరు చెట్లు గీసే రోజుల్లో వాళ్ళ నాయనమ్మతో మాట్లాడిన తెలుగు అది. మలయ్ దేశంలోని సుంగై పెటాని ఊళ్ళో, మా ఇంట్లో అది అర్థమయ్యేది నాకొక్కదానికే. మాట్లాడటం మాత్రం నాకూ అంతంతే.

అప్పట్లో మా వెనక గదిలో ఒక నైజీరియా విద్యార్థి అద్దెకుండేవాడు. పశ్చిమాఫ్రికా భాషలు ఎక్కడ పుట్టాయి, ఎలా విడిపోయాయి అన్నది అతని పరిశోధన. సొంత భాష యొరూబా. అమ్మని ‘నెనెక్’ అనేవాడు, మలయ్‌లో నాయనమ్మని పిలిచినట్టు. సాయంత్రం రాగానే ఆవిడ కుర్చీ పక్కన కూర్చుని మాటలు వినేవాడు. ఒక్క ముక్కా తెలిసేది కాదు.

“విననివ్వండి ఆంటీ. నా గదిలో ఎవరి మాటా వినపడదు,” అన్నాడు ఇంగ్లీషులో.

ఒకరోజు, మీవాళ్ళు ఎక్కడివాళ్ళో నెనెక్‌ని అడగమన్నాడు. అడిగాను.

“ఓడెక్కి వచ్చినారు,” అంది అమ్మ.

“ఏ ఊరునించమ్మా?”

“ఊరికి పేరేటే? మనూరు అనీవోరు.”

విశాఖపట్నం వైపని తప్ప మాకింకేమీ తెలియదు. ఆ ఊరేదో చెప్పగలిగినవాళ్ళు ఎప్పుడో పోయారు. ఓడెక్కి వచ్చారని మాత్రం అతనికి ఇంగ్లీషులో చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే నైజీరియాలో అతని తల్లి చనిపోయింది. వీసా పొడిగింపుకిచ్చిన పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. వెళ్ళలేకపోయాడు. ఫోన్‌లో సిగ్నల్ బాగా అందేది మా హాల్లోనే కాబట్టి అక్కడే కూర్చుని అంత్యక్రియలు చూశాడు. ఎర్రమట్టి, గొడుగులు, పాటలు. బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది.

“ఆ గుంటడు ఏటికేడుత్తన్నాడే?” అంది అమ్మ.

“ఆలమ్మ సచ్చిపోనాదమ్మా.”

అమ్మ పనిచేసే చెయ్యి చాచింది. అతను వచ్చి ఆ చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. చాలాసేపటికి, చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పిన కథ మొదలుపెట్టాడు. నాకు వచ్చినంతలో అమ్మకి తెలుగులో చెబుతూ పోయాను. మాట అందక, ఉండమనడానికీ తమిళం, మలయ్ కలిసిపోయి “ఇరమ్మా, సరీగా రాదు లా” అని మధ్యలో ఆగాను కూడా.

మొదట్లో నేల లేదట, అంతా నీళ్ళే. వాళ్ళ మూలపురుషుడు గొలుసు పట్టుకుని ఆకాశం నుంచి దిగాడట. వెంట కాస్త మట్టి, ఒక కోడి. మట్టిని నీళ్ళమీద పోస్తే కోడి కాళ్ళతో గీరింది. అది చెదిరినంత మేరా నేలయింది. అదే వాళ్ళ ఇఫే పట్టణం.

“తూర్పునుంచి వచ్చామని కొందరంటారు. రెండు పెద్ద నదులు కలిసే చోటికి దగ్గర్లో మా భాష పుట్టిందని పుస్తకాలంటాయి. నేను రాసేది అదే,” అన్నాడు. “కానీ మా అమ్మని పూడ్చింది కోడి పరిచిన నేలలోనే ఆంటీ.”

అదీ తెలుగులో చెబితే అమ్మ నావైపు తిరిగింది. “ఆ కోడి మనూరికాడికీ వచ్చినాదేటి? అడుగు.”

అడిగాను. అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. “వచ్చే ఉంటుంది నెనెక్,” అని, ఆవిడ ఒళ్ళో తలపెట్టి పసిపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ అతని జుట్టు నిమురుతూ ఏదో గొణిగింది. అది నాకూ అర్థం కాలేదు.

పట్టా వచ్చాక అతను వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన వానల్లో అమ్మ పోయింది. కర్మకాండ తమిళ పూజారి చేయించాడు. చుట్టాలంతా తమిళంలోనే ఓదార్చారు. అన్నీ అయ్యాక నేనే అతనికి ఫోన్ చేశాను.

నెనెక్ పోయిందని చెప్పాను. అతను మెల్లగా అడిగాడు: “ఇలాంటప్పుడు మీ భాషలో ఏమంటారు ఆంటీ? అదే అంటాను.”

నాకు తెలియలేదు. తెలియని మాటలన్నీ అమ్మనే అడిగేదాన్ని.

అతను తన భాషలోనే ఏదో అన్నాడు. నేను అర్థం అడగలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను.