అద్దానికి అవతలి కొస

మా అక్క మొగుడు అద్దాల కొట్టులో పనిచేసేవాడు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. ఆయనతో కలిసి అద్దాలు మోసేవాడు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే పది అంకె వేసినట్టుండేది. కొట్టులో ఆ జంట పేరే ‘పది’. “పదిని పంపండి, పెద్దద్దం దించాలి” అనేవాడు యజమాని.

“ఒరే సున్నా, పట్టుకో” అనేవాడు పొడుగాయన.

“సున్నా పక్కన లేకపోతే నీ విలువెంతన్నా? ఒకటి!” అని బావ తిప్పికొట్టేవాడు.

నేను అదే కొట్టులో వ్యాను నడిపేవాణ్ణి కాబట్టి ఇవన్నీ కళ్లారా చూసినవే. మనోబలం గురించి లావుపాటి పుస్తకాలు చాలా చదివాను. వాటిని రాసినవాళ్లలో ఒక్కడైనా అద్దం మోశాడని నేననుకోను.

పెద్ద అద్దాన్ని మోయడానికి ఇద్దరు కావాలి, చెరో కొసన ఒకడు. ఒకడి చేతుల్లో ఏం జరుగుతోందో రెండోవాడికి తెలియదు. అందుకే ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పట్టు జారుతోందని అనిపించినవాడు “వదిలెయ్!” అని అరవాలి. ఆ అరుపు వినగానే అవతలివాడు ఎందుకని అడగకుండా వదిలేసి వెనక్కి గెంతాలి. అద్దం పగిలితే యజమాని నాలుగు తిట్లు తిడతాడు, అంతే. పగిలేదాన్ని పట్టుకోబోతే చెయ్యి పోతుంది.

బావ నడుం ఒక మేడ మెట్ల మీద పట్టేసింది. వెన్నుపూసల మధ్య ఏదో జారిందన్నారు, ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు గట్టి నొప్పి మాత్రలు రాసిచ్చారు. ఎప్పుడు వేసుకోవాలో చీటీ మీద ఉంది. ఎలా మానాలో ఎవరూ చెప్పలేదు. మాకూ అడగాలని తట్టలేదు.

మాత్ర వేసుకుంటే బావ నిలబడగలిగేవాడు, మళ్లీ అద్దం మోయగలిగేవాడు. కొన్నాళ్లకు ఒకటి చాలలేదు, రెండయ్యాయి. తర్వాత చీటీ లేకపోయినా మందుల షాపువాడు ముఖం చూసి ఇచ్చేవాడు. సుఖం కోసం వేసుకున్నాడని మా వాళ్లు అన్నారు గానీ ఆయనకు ఆ మాత్రల్లో సుఖం ఎక్కడుందో నాకు కనిపించలేదు. పొద్దున లేచి చొక్కా తొడుక్కోవడానికి వేసుకునేవాడు, బండెక్కడానికి వేసుకునేవాడు. సాయంత్రం కంచం ముందు కూర్చుని ముద్ద చేతిలో ఉండగానే నిద్రలోకి జారిపోయేవాడు.

“మీ ఆయన మత్తుకి మరిగాడే” అని మా పిన్ని అక్క మొహం మీదే అంది. వేరే ఊరగాయ లేనట్టు మూడు పూటలా ఇదే నంజుకుంది. అక్క రోషం కలది. ఒక ఆదివారం మాత్రల డబ్బా తెచ్చి బావ ముందు పెట్టింది.

“ఇవి కావాలా, నేను కావాలా? తేల్చుకో.”

బావ డబ్బా అందుకున్నాడు. లేచి వెళ్లి మాత్రలన్నీ దొడ్లో పోసి నీళ్లు కొట్టాడు. “అద్దం కొయ్యాలంటే గీత ఒక్కసారే గీస్తాం. మళ్లీ మళ్లీ గీస్తే వంకరగా విరుగుతుంది. మానడమూ అంతే” అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుంది. ఆ మాటకు నేనూ మురిసిపోయాను. పుస్తకంలో వాక్యంలా ఉంది మరి.

రాత్రికల్లా ఆవులింతలు మొదలయ్యాయి. ముక్కూ కళ్లూ కారడం మొదలైంది. జలుబనుకుని అక్క ఆవిరి పట్టించింది. తెల్లారేసరికి ఒళ్లంతా ఈకలు పీకిన కోడి చర్మంలా గగుర్పొడిచి ఉంది. కడుపులో మెలికలు. కాళ్లు వాటంతట అవే తన్నుకుంటున్నాయి. “ఇవాళ మానెయ్ బావా” అన్నాను.

“సెలూన్ అద్దం ఇవాళే వెయ్యాలి. నేను రాకపోతే అన్న ఎవడితో మోస్తాడు?”

వ్యాన్‌లో పొడుగాయన అడిగాడు. “ఏరా, చెరువులో పడ్డ పిల్లిలా ఉన్నావ్? ఏమైంది?”

“జలుబన్నా.”

“చెమటలు పట్టే జలుబేంట్రా నీది?”

బావ నవ్వి ఊరుకున్నాడు. నాకు తెలుసు, కానీ నేనూ ఊరుకున్నాను. ఇంటి గుట్టు కొట్టులో ఎందుకనుకున్నాను.

సెలూన్ మేడ మీద ఉంది. మెట్లు మలుపు తిరిగే చోట పైకొస పొడుగాయనది, కిందికొస బావది. నేను కింద నిలబడి దారి చెబుతున్నాను. బావ మోకాళ్లు వణకడం నాకు కనిపిస్తోంది. తొడుగుల్లోంచి చెమట మోచేతుల మీదికి కారుతోంది. పట్టు జారుతోందని ఆయనకు తెలుసు. పళ్లు బిగించాడు, నోరు మాత్రం తెరవలేదు. ఇంకొక్క మెట్టు, ఇంకొక్క మెట్టు అనుకున్నానని తర్వాత నాతో చెప్పాడు.

అద్దం ఆయన చేతుల్లోంచి జారి మెట్టుకు తగిలి విరిగింది. అరుపు వినపడలేదు కాబట్టి పొడుగాయన వదల్లేదు. పైముక్క ఆయన అరచేతిని కోసుకుంటూ దిగిపోయింది. సెలూన్ తువ్వాళ్లన్నీ చుట్టాం. ఒకదాని తర్వాత ఒకటి ఎర్రబడుతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో పొడుగాయన్ని లోపలికి తీసుకెళ్లారు. బావ వరండాలో గోడకు ఆనుకుని వాంతి చేసుకున్నాడు. భయమనుకున్నాను. అటుగా వెళ్తున్న నర్సమ్మ ఆగి ఆయన కళ్లలోకి చూసింది, చేతి మీద లేచిన రోమాలు చూసింది.

“ఏం మాత్రలు ఆపేశారు?”

ఇన్ని నెలల్లో మాత్రల సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడే. బావ పిల్లాడిలా ఏడ్చాడు, అన్నీ చెప్పాడు.

తర్వాత డాక్టరమ్మ వచ్చి, కబురందుకుని పరిగెత్తుకొచ్చిన అక్కనీ నన్నూ కూడా కూర్చోబెట్టింది. “మీ ఒళ్లు ఆ మందుకి అలవాటుపడింది. ఒక్కసారిగా లాగేస్తే ఇలాగే గోలపెడుతుంది. ఇది మీ గుణం కాదు, మందు గుణం. మళ్లీ మొదలుపెట్టి కొద్దికొద్దిగా తగ్గిద్దాం.”

“మళ్లీనా? మానేశాను కదమ్మా!”

“మానలేదండీ, తెంపారు. రెండూ వేరు. ఇంకోటి వినండి. తగ్గించాక ఎప్పుడైనా తట్టుకోలేక పాత మోతాదు వేసుకున్నారనుకోండి, అప్పటికి ఒళ్లు దాన్ని మర్చిపోయి ఉంటుంది. ఊపిరి ఆగిపోవచ్చు. కష్టంగా ఉంటే నా దగ్గరికి రండి, మందుల షాపుకి కాదు.”

ఆ నెలలు ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు మాటలు చాలవు. మాత్రలు అక్క చేతిలో ఉండేవి. పూటకి రాసినంతే ఇచ్చేది. మోతాదు తగ్గిన ప్రతిసారీ బావకి కొన్నాళ్లు నిద్ర ఉండేది కాదు. కడుపు పాడయ్యేది, అక్క నీళ్లలో ఉప్పూ పంచదారా కలిపి పట్టించేది. కాళ్ల పీకులకి వేడినీళ్ల సంచి పెట్టేది. నేను వరండాలో ఆయన్ని ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించేవాణ్ణి. ఒళ్లు కుదుటపడ్డాకా మనసు కుదుటపడేది కాదు. దేని మీదా ఇష్టం లేక గోడకేసి చూస్తూ ఉండేవాడు.

“మొగుడికి మాత్రలు బిచ్చమేస్తున్నావ్, సంతోషంగా ఉందా?” అని ఒకరోజు అక్క మీద విరుచుకుపడ్డాడు.

“బిచ్చగాడు ఇంత పొగరుగా అడగడు. తిని పడుకో” అంది అక్క. తర్వాత వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఒకసారి తట్టుకోలేకపోయారు, ఇద్దరూ. బావ బతిమాలాడు, అక్క ఒక మాత్ర ఎక్కువ ఇచ్చేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. “ఈ మెట్టు మీదే కొన్నాళ్లు ఆగుదాం. వెనక్కి వద్దు, తొందరా వద్దు” అంది. అలా ఆగి, దిగి, ఆగి, చివరికి మాత్రలు లేని రోజు వచ్చింది. నడుం నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. కొంత ఉంటుందనీ, దానికి వ్యాయామమూ వేరే మందులూ ఉన్నాయనీ డాక్టరమ్మ ముందే చెప్పింది.

అన్నాళ్లూ బావ పొడుగాయన్ని చూడ్డానికి వెళ్లలేదు. నేను వెళ్లేవాణ్ణి. ఆయన కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. యజమాని ఆయన్ని కొట్టు తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు, వచ్చినవాళ్లకి దారి చూపించడానికి. దయ చూపించానని అందరికీ చెప్పుకున్నాడు కూడా.

“బాగయ్యాక వెళ్తాను. ఈ మొహంతో వెళ్లలేను” అనేవాడు బావ. బాగయ్యాక వెళ్లాడు, నన్ను తోడు తీసుకుని. పొడుగాయన ఇల్లు ఒక మేడ పై అంతస్తులో ఉంది.

తలుపు తీసిన ఆయన భార్య మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోయింది. పొడుగాయన గడప దగ్గరికి వచ్చాడు. కూర్చోమనలేదు.

“అన్నా, మానేశాను. పూర్తిగా.”

“విన్నాను. మంచిది.”

“మళ్లీ పనిలోకి వద్దామని... బరువులు కాదులే, కోత పని...”

“రా. కొట్టు నాదా ఏంటి?”

పొడుగాయన ముడుచుకోని వేళ్లను ఎడమచేత్తో నిమురుకుంటున్నాడు. అది కొత్త అలవాటు.

“ఒక్కటే అడుగుతాను. ఆ రోజు అరవలేదేం?”

బావ తల దించుకున్నాడు. “అరిస్తే తర్వాత ఏమైందని అడుగుతావన్నా. చెప్పాల్సి వస్తుందని.”

“అడిగేవాణ్ణే. చెప్పేవాడివి. అద్దం పోయేది. మెట్ల మీద కాసేపు కూర్చునేవాళ్లం.” ఆయన గొంతు పెరగలేదు. “ఇన్నేళ్లు నా ప్రాణం నీ చేతిలో పెట్టి మోశాన్రా. నీ సిగ్గు చెప్పుకోడానికి నేనెందుకు పనికిరాలేదు?”

ఆ ప్రశ్న నాకూ తగిలింది. నేనూ ఆ వ్యాన్‌లోనే ఉన్నాను. పొడుగాయన “ఉంటాను” అని నెమ్మదిగా తలుపు వేశాడు. విసురుగా వేసినా బాగుండేది.

సగం మెట్లు దిగాక బావ గోడ పట్టుకుని ఆగిపోయాడు.

“నొప్పిగా ఉందా బావా?”

“ఉంది. చాలా ఉంది.”

మెట్టు మీదే కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. పైకీ కిందికీ వెళ్లేవాళ్లు విసుక్కుంటూ మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. ఆయన వెక్కిళ్లు ఆగేదాకా అక్కడే ఉన్నాం. పైన తలుపు తెరుచుకోలేదు.