అలిగి పాలకాయతిప్ప వెళ్లిన మగాడు

కథలు రాసి కొంప మీదికి తెచ్చుకున్నవాళ్లను చూసుంటారు. నేను కథ రాసి, దాన్ని నేనే నమ్మి, పాలకాయతిప్ప ఇసుకలో నిలువునా మునిగాను. ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి!

తొంభైల నాటి సంగతి. నా చదువు ఐదో తరగతితో ఆగినా, అవనిగడ్డ లైబ్రరీలో కథల పుస్తకాలన్నీ నమిలేశాను. ఏ కథ చూసినా ఆడవాళ్ల కన్నీళ్లే. మగాడికి మనసుండదా అండీ? ఆ కోపంలో నేనే ఒకటి రాశాను. భార్య మాటకి నొచ్చుకున్న భర్త పాలకాయతిప్ప వెళ్లి, సముద్రం వైపు తిరిగి కూర్చుంటాడు. చివరి బస్సులో భార్య పరుగున వచ్చి, "ఏమండీ, నాదే తప్పండీ" అని ఏడుస్తుంది. బందరులో ఓ చిన్న వారపత్రిక అచ్చేసింది. వీధి వీధంతా పంచిపెట్టాను.

మా ఆవిడ వరలక్ష్మి చదివింది.

"బాగానే ఉందండీ. ఆవిడ బస్సెక్కేసింది సరే, పొయ్యి మీద ఏం పెట్టి వచ్చింది?"

"ఇది మగాడి మనసు గురించిన కథ! ఇందులోకి పొయ్యి ఎందుకొస్తుంది?"

"అన్నం తినడా మీ మగాడు?"

"నీకు సాహిత్యం తెలీదు!"

"పొయ్యి తెలుసు లెండి."

ఎంత మాట! చొక్కా తగిలించుకుని బస్సెక్కేశాను. ఎక్కడికో చెప్పలేదు. చెప్పి వెళ్తే అది అలకా, ఊరెళ్లడమా? వరలక్ష్మి వస్తే నా కథ నిజం. రాకపోతే మగాడి మనసుకి ఈ లోకంలో దిక్కు లేనట్టే.

పాలకాయతిప్ప ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన అడిగాడు. "ఎవరికోసం బాబూ?"

"మా ఆవిడ కోసం."

"వస్తానందా?"

"అనలేదు. వస్తుంది."

దారి తప్పి ఒడ్డుకొచ్చిన తాబేలుని చూసినట్టు చూశాడు నన్ను.

పొద్దు వాలింది. కడుపులో పేగులు అలలకన్నా గట్టిగా అరుస్తున్నాయి. చివరి బస్సు హారన్ వినగానే, కథలోలాగే సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. వెనక ఇసుకలో అడుగుల చప్పుడు. "ఏడవకు వరలక్ష్మీ, క్షమించాను" అనడానికి గొంతు సవరించుకున్నాను.

"బాబాయ్ గారూ!"

కండక్టరు! చేతిలో మా ఇంటి క్యారేజీ.

"పిన్నిగారు పంపారండి."

ఆత్రంగా మూత తీశాను. గిన్నెలన్నీ తళతళా మెరుస్తున్నాయి. మెతుకు లేదు.

"అన్నమేదయ్యా?"

"ఇంట్లో ఉందండి. పొయ్యి వదిలి రాలేనన్నారు. ఎలాగూ సముద్రం దాకా వెళ్లారు గదా, ఇందులో రొయ్యలు తెమ్మన్నారు. చింతపండు నానబెట్టారంట."

"నేనిక్కడున్నానని ఆవిడకెలా తెలుసు?"

"మీ కథలో ఉంది గదండీ! బస్సులో అందరం చదివాం. త్వరగా రండి, డ్రైవరు తిడుతున్నాడు."

బస్సు వైపు చూస్తే, కిటికీకో తలకాయ! ఆ ముసలాయనే నవ్వాపుకుంటూ రొయ్యలతో క్యారేజీ నింపాడు.

పోనీ ఇంటికెళ్లాక ఆవిడ పెట్టిన రొయ్యల పులుసైనా బాగోలేదా అంటే, అమృతంలా ఉంది. తప్పు పట్టడానికి ఆ సందు కూడా ఇవ్వలేదు మహాతల్లి! మూడోసారి వడ్డించుకుంటూ, ఆ పులుసు సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఇక నా కథల్లో ఏ మగాడూ అలిగి వీధి గుమ్మం దాటడు. దాటితే మాత్రం, క్యారేజీ తనే పట్టుకెళ్తాడు.