కిందపడనివ్వని గుండీ

ఎత్తైన భవనాల అద్దాలు తుడుస్తాడు కాబట్టి తోటివాళ్ళు అతన్ని సాలీడు అని పిలిచేవాళ్ళు. మీసాలు రాని వయసులో దుకాణాల అద్దాలు కడగడంతో మొదలుపెట్టి, అంతస్తులతో పాటే పైకెక్కాడు. నడుముకు పట్టీ బిగించుకుని, తాడు వదులుకుంటూ ఒక్కో అంతస్తూ దిగుతూ, సబ్బునీళ్ళతో రుద్ది రబ్బరు పలకతో లాగేసేవాడు. కింద జనం చీమల్లా కనిపిస్తున్నా అతనికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పక్క తాడు మీద, అందరూ వాగుడుకాయ అనే తోటి పనివాడు పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ ఉంటే, ఇతను ఊఁ కొడుతూ పని చేసుకుపోయేవాడు.

ఇంట్లో భార్య, అత్తగారు. అత్తగారికి మాయలూ మంత్రాలూ ఉన్న లావుపాటి నవలలంటే ప్రాణం. దెబ్బ తగలనివ్వని డాలు గురించో, దారి చూపే దీపం గురించో భోజనాల దగ్గర మొదలుపెట్టిందంటే కూర చల్లారిపోవాల్సిందే.

ఒకరోజు ఆవిడ, పోయిన మామగారి కోటుకున్న ఇత్తడి గుండీ ఒకటి పీకి అల్లుడి చేతిలో పెట్టింది.

“ఏంటత్తయ్యా ఇది?”

“నేను చదువుతున్నదాంట్లో ఒకడి దగ్గర ఇలాంటిదే ఉంది బాబూ. అది ఒంటిమీద ఉన్నంతసేపూ కొండమీంచి తోసినా పడడు. జేబులో వేసుకో. నీ సొమ్మేం పోయింది?”

భార్య పకపకా నవ్వింది. అతనూ నవ్వి జేబులో వేసుకున్నాడు.

నవ్వులాట అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి తాడందుకునే ముందు చెయ్యి దానంతటదే జేబు తడిమేది. గుండీ తగిలితే ప్రాణం కుదుటపడేది. అంతకుముందు కుదుటపడాల్సిన అవసరమే లేదన్న సంగతి అతనికి తట్టలేదు. రానురానూ పని మధ్యలో కూడా తడుముకోసాగాడు.

గాలి విసురుగా ఉన్న ఒక రోజు, మేస్త్రి తొందరపెట్టడంతో జేబు తడమకుండానే తాడందుకున్నాడు. సగం భవనం దిగాక తడుముకుంటే జేబు ఖాళీ.

రెండో జేబు చూశాడు. లేదు. అప్పుడు కిందికి చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ లోతు లోతులా కనిపించింది. తాడు పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయి, విప్పుదామన్నా రాలేదు. చేతిలోంచి జారిన పలక దాన్ని కట్టిన తాడుకు వేలాడుతూ అద్దాన్ని టకటకా కొడుతోంది. అద్దం అవతల ఆఫీసులో ఎవరో అమ్మాయి నవ్వుతూ ఫోన్లో మాట్లాడుతోంది. ఇద్దరికీ మధ్య జానెడు దూరం. ఆమె ఇటు తిరగనే లేదు.

“ఏంట్రా, అక్కడే కాపురం పెట్టావా?” అని వాగుడుకాయ పక్కనుంచి అరిచి, అతని ముఖం చూసి నవ్వు మింగేశాడు. గోడను కాళ్ళతో తన్నుకుంటూ జరిగి వచ్చి అతని పట్టీ పట్టుకున్నాడు.

“పడిపోతాన్రా.”

“పడవు. కిందికి కాదు, నా వంక చూడు.”

“గుండీ... జారిపోయింది.”

గాలిలో అది వాగుడుకాయకు సరిగ్గా వినబడలేదు. “గుండె జారిందా? అందరికీ జారుతుంది. నేను పొద్దున్నుంచీ ఎందుకు వాగుతాననుకున్నావ్? నోరు మూస్తే భయమేస్తుంది కనక. నువ్వూ వాగు. ఏదో ఒకటి.”

ఏమీ తోచక సాలీడు అత్తగారి నవల కథ ఎత్తుకున్నాడు. కొండ, డాలు, ఎవడో రాజు, అన్నీ కలగాపులగం. వాగుడుకాయ “ఆఁ, తర్వాత?” అంటూ ఒక్కో అంతస్తూ దింపాడు. కాళ్ళు నేలకు తగలగానే సాలీడు కూలబడిపోయాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గుప్పిట విప్పితే గుండీ. అరచేతిలో దాని అచ్చు పడిపోయింది.

“ఉతకడానికి తీసిన చొక్కాలో దొరికింది బాబూ. అప్పటికే నువ్వెళ్ళిపోయావ్. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఏ బండి ఆగినా నీ కబురే అనుకున్నా.”

“సరదాకి ఇచ్చారనుకున్నా కదత్తయ్యా.”

“నేనూ అలాగే అనుకున్నా. మీ మామగారు పోయాక నాకు అన్నిటికీ భయమే. అందుకే ఆ పుస్తకాలు. వాటిల్లో భయానికి ఏదో ఒక వస్తువుంటుంది, చేత్తో పట్టుకోవచ్చు.”

“మరి దాన్ని పోగొట్టుకున్నవాడు ఏమవుతాడు?”

“తెలీదు. ఆ పేజీలు చదవలేక తిప్పేస్తాను.”

భోజనాలయ్యాక భార్య ఆ పేజీలే వెతికి ఇద్దరికీ గట్టిగా చదివి వినిపించింది. వస్తువు పోగొట్టుకున్నవాడు వణుకుతూ, పాకుతూ, రాళ్ళు పట్టుకుని కొండ దిగాడు. మధ్యలో జారాడు కూడా. అత్తగారు చెవులు మూసుకుంది గానీ లేచి వెళ్ళలేదు.

సాలీడు కొన్నాళ్ళు పనిలోకి వెళ్ళలేదు. తర్వాత గుండీని ఆవిడ దగ్గరే వదిలేసి వెళ్ళాడు. భయం మాత్రం అతనితో పాటే తాడెక్కింది, మళ్ళీ దిగనేలేదు. ఇప్పుడతను ప్రతి ముడినీ ఒకటికి రెండుసార్లు లాగి చూస్తాడు. గాలి విసిరితే పని ఆపేస్తాడు. ఆలస్యమవుతోందని మేస్త్రి గొణుగుతాడు. సాయంత్రానికి చొక్కా చెమటతో ముద్దయిపోతుంది, చలికాలంలో కూడా.