మోచేతి లోతు అనుమానం

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఎవరినైనా అడగండి: మిర్యాలగూడ మిల్లు గేటు దగ్గర వడ్లు పరీక్షించే బీరయ్య ఒక్క గింజ కొరికాడంటే, ఆ చేను కోసిన రోజు మబ్బు పట్టిందో ఎండ కాసిందో, ఆ పూట రైతు ఇంట్లో ఏం కూర వండారో కూడా చెప్పేస్తాడు.

అంతటి బీరయ్యను నిన్న కోదాడ దళారి ఒకడు బోల్తా కొట్టించాడు. ట్రాలీలో పైన ఆరిన వడ్లు, అడుగున వానకు నానినవి. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ బీరయ్య పైనుంచి గుప్పెడు తీసి, కొరికి, లోపలికి పంపేశాడు. తీరా కుప్ప పోశాక చూస్తే, అడుగుదంతా నీళ్లు కారుతోంది.

"ఇంకోపాలి తప్పితే ఇంటికాడ కూసోని పండ్లు తోముకో, బీరయ్యా" అన్నాడు యజమాని.

అంతే, బీరయ్య లోకాన్ని నమ్మడం మానేశాడు. పొద్దున భార్య మైసమ్మ సద్ది కడితే, అన్నం అడుగున వేలు పెట్టి చూశాడు.

"ఏందయ్యా, నా సద్దిల గూడ నానిన వడ్లు దొరుకుతయా?" అందామె.

మిల్లుకు మొదట వచ్చింది త్రిపురారం రైతు భీమ్లా ట్రాక్టర్. భీమ్లా నవ్వుతూ దండం పెట్టాడు. ఎందుకు నవ్వుతున్నట్టు? బీరయ్య ట్రాలీ ఎక్కి, నిన్న మోసం అడుగునే దాగిందని, వెనక మూలలో మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. ఆరిన గింజే. అనుమానం తగ్గకపోగా ఇంకా ముదిరింది. మధ్యకు పాకి చెయ్యి దించాడు. తడి!

"దొరికినవ్ భీమ్లా! ట్రాక్టర్ మర్లగొట్టు!"

"బీరన్నా, నీ కాళ్లు మొక్కుత. మొగులైంది, వానొచ్చేతట్టుంది. వాపస్ తీస్కవోతే తొవ్వలనే మొలకలొస్తయి. నేనేం జెయ్యలే."

"నిన్నొచ్చినోడు గూడ గట్లనే అన్నడు."

అన్నాడే గాని, బీరయ్య దిగలేదు. నిన్న తొందరపడి రానిచ్చాడు. ఇవాళ తొందరపడి పంపేస్తే అదీ తప్పే, పైగా భీమ్లా పంట మీద పడే తప్పు. జానెడు పక్కన తవ్వాడు: పొడి. ఇటువైపూ పొడే. మళ్లీ తడి చోటే లోతుకు పోతే వేళ్లకు ఏదో గట్టిగా తగిలింది. లాగితే, తడి గోనెసంచి చుట్టిన నీళ్ల క్యాన్.

భీమ్లా తల గోక్కున్నాడు. "సల్లగుంటయని నేనే వడ్లల్ల పెట్టిన. మర్సేపోయిన."

"ముందుగాల ఓ గుక్క పొయ్యి. నీళ్లేనా కాదా సూస్త."

ట్రాక్టర్ లోపలికి పోయింది. సాయంత్రానికల్లా, బీరయ్య ఆ వడ్లలో నిలువునా మునిగి పక్క ట్రాలీలో తేలాడని కోదాడ దాకా పాకింది. నిజమేనా అని ఆయన్నే అడిగితే చెప్పాడు:

"మునుగుడు లేదు, తేలుడు లేదు. నిన్న ఒక్కకాడ సూసిన, తప్పింది. ఇయ్యాల నాలుగుకాడ సూసిన."